రెండు స్లాష్‌ల వెనక ఉన్న కమాండ్

డిస్క్ స్టోరేజ్ ఎరేల్లో, అంటే చాలా డ్రైవ్‌లను ఒకే పెట్టెలో పెట్టి సర్వర్లకు చోటు పంచే యంత్రాల్లో, ఒక పాత కుటుంబం ఉంది. ఆ ఎరే కాన్ఫిగరేషన్‌ను సేవ్ చేయమని అడిగితే మామూలు టెక్స్ట్ ఫైల్ చేతికొస్తుంది. అదే కాన్ఫిగరేషన్‌ను మళ్లీ కట్టే కమాండ్ల స్క్రిప్ట్ అది. ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి చదువుకోవచ్చు. పైన ఎరే పేరు, సేవ్ చేసిన తేదీ, ఫర్మ్‌వేర్ వెర్షన్ ఉంటాయి. తర్వాత ‘ఆన్ ఎర్రర్ స్టాప్’ అని ఒక లైను. ఆ కిందే ఒక సూచన: ఇప్పుడున్న కాన్ఫిగరేషన్‌ను తీసేయాలంటే కింది రెండు లైన్ల ముందున్న కామెంట్ గుర్తులు చెరపండి అని. ఆ రెండు లైన్లలో రెండోది ‘క్లియర్ స్టోరేజ్‌ఎరే కాన్ఫిగరేషన్’. అది నడిస్తే ఎరేలోని వాల్యూమ్‌లన్నీ (సర్వర్లకు డిస్క్‌లుగా కనిపించే భాగాలు), వాటిలో ఉన్న డేటాతో సహా, పోతాయి. దాన్ని ఆపుతున్నవి లైను ముందున్న రెండు స్లాష్‌లు. ఈ భాషలో కామెంట్ గుర్తు అదే, అది ఉన్న లైను నడవదు.

మొదటిసారి ఈ ఫైల్ తెరిచినవాళ్లకి ఆ లైను చూడగానే గుండె ఝల్లుమంటుంది. నాకైతే దాన్ని అలా రాయించిన ఇంజినీరు మీద గౌరవం కలుగుతుంది. ఈ స్క్రిప్ట్ సాఫీగా నడవాలంటే ఎరే ఖాళీగా ఉండాలి కాబట్టి చెరిపే కమాండు అవసరమేనని ఆయనకు తెలుసు. అయినా దాన్ని తనంతట తాను నడవనివ్వలేదు. ఒక మనిషి ఫైల్ తెరవాలి, చదవాలి, చేత్తో గుర్తులు తీసేయాలి. అప్పుడే నడుస్తుంది. స్టోరేజ్ పనికి స్క్రిప్ట్ ఎందుకు రాయాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. స్క్రిప్ట్ ముందుగా మనుషులు చదవడానికి. ఎరే దాన్ని నడపడం ఆ తర్వాతి సంగతి.

మామూలుగా వినిపించే జవాబు ఇది కాదు. స్క్రిప్ట్ రాస్తే పని తొందరగా అవుతుందంటారు. యాభై వాల్యూమ్‌లు మౌస్‌తో చేయాలంటే పూట పడుతుంది, స్క్రిప్ట్‌తో నిమిషాల్లో అయిపోతుందంటారు. నిజమే, కాదనను. కానీ ఒక ఎరేని మనం ఎన్నిసార్లు కాన్ఫిగర్ చేస్తాం? పెట్టిన రోజు ఒకసారి, కొత్త ట్రే (డ్రైవ్‌ల అర) కలిపినప్పుడు ఒకసారి, కొత్త సర్వర్ వచ్చినప్పుడల్లా కాస్త. మిగతా కాలమంతా అది అలా తిరుగుతూనే ఉంటుంది. అప్పుడప్పుడూ చేసే పనిలో అరగంట మిగిలితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. అదే పనిలో ఒక పొరపాటు జరిగితే దాని కింద ఉన్న డేటాబేస్‌లు, మెయిల్, వర్చువల్ మెషిన్లు అన్నీ ఒకేసారి కూర్చుండిపోతాయి. అలాంటి చోట వేగం పెంచే పనిముట్టు అంటే నాకు ముందు అనుమానమే వస్తుంది.

వేగం ఏం చేస్తుందో చూడాలంటే 2017 ఫిబ్రవరి 28న ఇంటర్నెట్‌లో డేటా దాచుకునే అమెజాన్ ఎస్3 సేవ ఆగిపోయిన ఉదంతం గుర్తు చేసుకోవచ్చు. బిల్లింగ్ వ్యవస్థ నెమ్మదించిందని ఒక ఇంజినీరు, ముందే ఆమోదం ఉన్న పద్ధతి ప్రకారమే, కొన్ని సర్వర్లను పక్కకు తీసే కమాండు ఇచ్చారు. అందులో ఒక విలువ తప్పు పడింది. అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు ఒక్కసారిగా పోయాయి. వాటి మీద ఆధారపడ్డ లోపలి వ్యవస్థలను మొత్తంగా రీస్టార్ట్ చేయాల్సి వచ్చింది. నాలుగు గంటలకు పైగా చాలా వెబ్‌సైట్లు మూగబోయాయి. ఆ తర్వాత అమెజాన్ బయటపెట్టిన వివరణలో నాకు నచ్చింది వాళ్లు చెప్పిన మార్పు. ఆ పనిముట్టు ఇకమీద సర్వర్లను నెమ్మదిగానే తీస్తుంది, ఉండాల్సిన కనీస సంఖ్య కంటే కిందికి వెళ్లనివ్వదు అన్నారు. కమాండుని వాళ్లు కావాలనే నెమ్మది చేశారు.

పైన చెప్పిన స్క్రిప్ట్ భాష గురించి రెండు ముక్కలు. ఇది ఎల్‌ఎస్‌ఐ కంపెనీలోని ఎంజెనియో విభాగం తయారుచేసిన ఎరేలది. అవే ఎరేలను ఐబీఎమ్ డీఎస్4000 పేరుతో, డెల్ ఎమ్‌డీ3000 పేరుతో అమ్మాయి. 2011లో నెట్‌యాప్ ఆ విభాగాన్ని కొనుక్కుని ఈ-సిరీస్‌గా కొనసాగించింది. కమాండ్లు పంపే పనిముట్టు పేరు ఎస్‌ఎమ్‌సీఎల్‌ఐ. ప్రతి కమాండు చివర సెమీకోలన్ ఉంటుంది, వాక్యం చదివినట్టే చదవొచ్చు. ఒక్కో కంపెనీ ఒక్కో చోట పదాలు మార్చింది కాబట్టి ఒకరి స్క్రిప్ట్ ఇంకొకరి పెట్టె మీద యథాతథంగా నడవదు. వ్యాకరణం మాత్రం ఒకటే. వేరే కంపెనీల ఎరేలకి వేరే భాషలు ఉన్నాయి. నేను చెప్పేది వాటికీ, లినక్స్‌లో సాఫ్ట్‌వేర్‌తోనే డిస్క్‌లను ఎరేగా కట్టే ఎమ్‌డీఏడీఎమ్‌కీ, డిస్క్‌లను ఒక పూల్‌గా కలిపే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కీ కూడా వర్తిస్తుంది.

ఒక వాల్యూమ్ సృష్టించే లైను తీసుకుందాం. అందులో ఏ ట్రేలో ఏ స్లాట్‌లో ఉన్న డ్రైవ్‌లు వాడాలి, రెయిడ్ లెవల్ (డేటాను డ్రైవ్‌ల మీద పంచే పద్ధతి) ఎంత, వాల్యూమ్ పేరేంటి, సెగ్మెంట్ (ఒక్కో డ్రైవ్ మీద వరసగా రాసే ముక్క) సైజు ఎంత, ఏ కంట్రోలర్ (ఎరేని నడిపే లోపలి కంప్యూటర్) దీని యజమాని అన్నవి వరసగా ఉంటాయి. గ్రాఫికల్ స్క్రీన్‌లో కూడా ఇవే ఉంటాయి, కానీ సగం మన కంటపడవు. ‘నెక్స్ట్’ నొక్కుతూ పోతే డిఫాల్ట్ విలువలు వాటంతట అవే కూర్చుంటాయి. రెండేళ్ల తర్వాత ఈ వాల్యూమ్‌కి సెగ్మెంట్ 128 కేబీ ఎందుకు పెట్టారని అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు. ఎందుకంటే అది ఎవరూ పెట్టింది కాదు.

సెగ్మెంట్ సైజు చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. పది డ్రైవ్‌లతో రెయిడ్ 6 చేస్తే ఎనిమిది డ్రైవ్‌ల పాటి చోటు డేటాకి, రెండు డ్రైవ్‌ల పాటిది ప్యారిటీకి, అంటే పోయిన డ్రైవ్‌లోని డేటాను తిరిగి లెక్కకట్టే సమాచారానికి, పోతుంది. సెగ్మెంట్ 128 కేబీ అయితే ఒక పూర్తి స్ట్రైప్‌లో (అన్ని డ్రైవ్‌ల మీదా ఒక్కో సెగ్మెంట్ చొప్పున పడే వరస) 1024 కేబీ డేటా, అంటే సరిగ్గా ఒక ఎంబీ పడుతుంది. పెద్ద వీడియో ఫైళ్లో బ్యాకప్ ప్రవాహాలో వచ్చి ఒక ఎంబీ చొప్పున రాస్తుంటే ప్యారిటీ లెక్కకి పాత డేటా చదవాల్సిన పని లేదు, మొత్తం స్ట్రైప్ ఒకేసారి రాసేయొచ్చు. అదే వాల్యూమ్ మీద డేటాబేస్ వచ్చి 8 కేబీ ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి రాస్తే కథ మారిపోతుంది. పాత డేటా, రెండు పాత ప్యారిటీలు చదివి, మూడూ కొత్తవి రాయాలి. ఒక చిన్న రాతకి ఆరు డిస్క్ పనులు. రెయిడ్ 5లో అయితే నాలుగు. క్యాష్ (రాతలను కాసేపు దాచే మెమరీ) కొంత కాపాడుతుంది, అదీ నిండేదాకానే. కాబట్టి ఆ లైనులో ఉన్న 6 అనే అంకె, 128 అనే అంకె రెండూ మనం తీసుకోవాల్సిన నిర్ణయాలు. స్క్రిప్ట్‌లో వాటి పక్కనే కామెంట్ రాయొచ్చు: ‘బ్యాకప్ కోసం, డేటాబేస్ పెట్టొద్దు’ అని. స్క్రీన్ మీద ఆ మాట రాసే చోటు ఎక్కడుంది?

కంట్రోలర్ యాజమాన్యం కూడా అంతే. ఇలాంటి ఎరేల్లో ఏ, బీ అని రెండు కంట్రోలర్లు ఉంటాయి. ప్రతి వాల్యూమ్‌కీ వాటిలో ఒకటి ఇష్టమైన యజమాని. అన్నీ ‘ఏ’ మీద పెడితే ‘బీ’ ఖాళీగా కూర్చుంటుంది. ఎప్పుడో ఒక కేబుల్ సమస్య వస్తే వాల్యూమ్‌లు అటు జరుగుతాయి, కేబుల్ బాగుచేశాక కూడా కొన్నిసార్లు అక్కడే ఉండిపోతాయి. ‘వాల్యూమ్ తన అసలు దారిలో లేదు’ అని ఎరే హెచ్చరిస్తుంది. అన్నిటినీ సొంత చోటికి పంపే కమాండు ఒకటి ఉంది, ఒక్క లైనే. కానీ సర్వర్‌లో మల్టీపాత్ డ్రైవర్ (ఒక దారి మూసుకుంటే రెండో దారిలో వాల్యూమ్‌ను చేరుకునే సాఫ్ట్‌వేర్) సరిగ్గా లేకపోతే ఆ ఒక్క లైనుతో సర్వర్‌కి డిస్క్ కనబడకుండా పోవచ్చు. దీన్ని రాత్రిపూట తనంతట తాను నడిచే స్క్రిప్ట్‌లో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. నేనైతే చచ్చినా పెట్టను.

స్క్రిప్ట్ రాసినవాళ్లే చదివి, వాళ్లే నడిపేస్తే నా వాదనకి సగం విలువ కూడా ఉండదు. ఇంకొకరు చదవాలి. అదీ పని జరిగే రాత్రి హడావిడిలో కాదు, ముందురోజు తీరిగ్గా, పక్కన ఎరే ప్రొఫైల్ (ఎరేలో ఏమేం ఎలా ఉన్నాయో చూపే నివేదిక) పెట్టుకుని. నాతో పనిచేసే ఒకాయన రాసిన స్క్రిప్ట్ ఒకసారి ఇలాగే చదువుతున్నాను. వాల్యూమ్‌లు బాగున్నాయి, పేర్లు బాగున్నాయి. ఏ వాల్యూమ్ ఏ సర్వర్‌కో చెప్పే మ్యాపింగ్ లైన్లలో మాత్రం ఒక చోట క్లస్టర్ హోస్ట్ గ్రూప్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) పేరు ఉండాల్సిన దగ్గర ఒక టెస్ట్ సర్వర్ పేరు ఉంది. రెండు పేర్లూ ఒకేలా మొదలవుతాయి. అది అలాగే నడిచి, తర్వాత క్లస్టర్‌కి కూడా అదే లన్‌ను (సర్వర్‌కి మ్యాప్ చేసిన వాల్యూమ్) కలిపి ఉంటే, ఒకరి సంగతి ఒకరికి తెలియని రెండు సర్వర్లు ఒకే ఫైల్ సిస్టమ్ మీద రాసేవి. మామూలు ఫైల్ సిస్టమ్‌లు దానికి తట్టుకోవు. మొదట్లో అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది, ఆ తర్వాత ఫైళ్లు పాడవడం మొదలవుతుంది. తెలిసేసరికి బ్యాకప్‌లోకి కూడా ఆ చెత్తే వెళ్లిపోయి ఉంటుంది. ఆయన దాన్ని స్క్రీన్‌లో డ్రాప్‌డౌన్ నుంచి ఎంచుకుని ఉంటే, ఆ క్లిక్‌ను ముందురోజు చదివే అవకాశం నాకెలా దొరికేది?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. గ్రాఫికల్ స్క్రీన్ ఏదైనా తీసేసే ముందు ‘నిజంగానా?’ అని అడుగుతుంది, కొన్ని ‘యస్’ అని టైప్ చేయమంటాయి కూడా. స్క్రిప్ట్ అడగదు. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ‘జెడ్‌పూల్ డిస్ట్రాయ్’ అని ఎంటర్ కొడితే మారు మాట లేకుండా పూల్ పోతుంది. (ఆ డిస్క్‌ల మీద వేరే ఏదీ రాయకముందే గమనిస్తే ఇంపోర్ట్ కమాండుతో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు, తెలుసుకోవడం మంచిది.) అయితే అడిగే పెట్టె మీద నాకు పెద్ద నమ్మకం లేదు. చిన్న మార్పుకీ అడుగుతుంది, పెద్ద మార్పుకీ అడుగుతుంది. కొన్నాళ్లకి మన వేలు చదవకుండానే ‘యస్’ కొట్టేస్తుంది. పైగా అది అడిగేది పని చేస్తున్న మనిషినే. అప్పటికే తను చేస్తున్నది సరైనదే అనుకుంటున్న మనిషిని అడిగి ఏం లాభం?

పనిముట్లు చేయగలిగిన అసలు సాయం వేరే ఉంది, కొన్ని చేస్తున్నాయి కూడా. జెడ్‌పూల్‌లో కొత్త డిస్క్ కలిపే ముందు ‘మైనస్ ఎన్’ అని ఇస్తే ఏమీ మార్చకుండా, మారితే పూల్ ఎలా ఉంటుందో చూపిస్తుంది. అక్కడ ‘యాడ్’, ‘అటాచ్’ అనే రెండు కమాండ్లు ఉన్నాయి. అద్దంలా జత కట్టాల్సిన డిస్క్‌ను ‘యాడ్’ చేస్తే అది ఒంటరిగా పూల్‌లో చేరుతుంది, ఆ ఒక్కటి పోతే పూల్ మొత్తం పోతుంది. తేడాగా ఉందని జెడ్‌పూల్ ఒప్పుకోదు. కానీ అది ఒప్పుకోనప్పుడల్లా ‘మైనస్ ఎఫ్’ కొట్టి ముందుకు తోసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. లినక్స్‌లో డిస్క్ చోటును వాల్యూమ్‌లుగా పంచే ఎల్‌వీఎమ్ ఇంకా మంచి పని చేస్తుంది. ఏ మార్పు చేసినా దాని ముందు స్థితిని ఆర్కైవ్ ఫోల్డర్లో టెక్స్ట్‌గా దాస్తుంది. అందులో ‘ఫలానా కమాండు నడిపే ముందు తీసినది’ అని ఆ కమాండుతో సహా రాసి పెడుతుంది. అక్కడి నుంచి వెనక్కి తీసుకొచ్చే పనిముట్టు కూడా ఇచ్చింది. ఇంత వినయం ఉన్న సాఫ్ట్‌వేర్ తక్కువ.

ఎస్‌ఎమ్‌సీఎల్‌ఐ ఒక స్క్రిప్ట్ ఫైల్ ఇస్తే ముందు మొత్తం వ్యాకరణం చూసుకుని, తప్పులు లేకపోతేనే నడుపుతుంది. ‘మైనస్ ఈ’ అని ఇస్తే ఆ పరీక్ష మానేసి నేరుగా మొదలుపెడుతుంది. సగం నడిచాక టైపింగ్ తప్పు దగ్గర ఆగుతుంది, సగం కట్టిన కాన్ఫిగరేషన్‌తో మనం మిగులుతాం. నెట్‌లో దొరికే నమూనాల్లో ఆ ‘మైనస్ ఈ’ కనిపిస్తే దాన్ని అలాగే ఎత్తుకొచ్చేవాళ్లను చూశాను. సరే, పరీక్ష చేయించినా అది చూసేది వ్యాకరణమే. ‘ఈ వాల్యూమ్ తీసేయి’ అనే వాక్యంలో వ్యాకరణ దోషం ఏమీ లేదు.

ఇంకో సంగతి ఉంది, ఇది చాలాకాలం నన్ను ఇబ్బంది పెట్టింది. స్క్రిప్ట్ ఫైల్‌లో అన్నీ ఉంటాయి, ఏ ఎరే మీద నడపాలో తప్ప. ఎరే చిరునామా కమాండ్ లైన్లో ఇస్తాం. అంటే ఇద్దరు కూర్చుని శ్రద్ధగా చదివిన ఫైల్‌ను చివరి క్షణంలో ఇంకో ఎరే మీదకు తోలేయొచ్చు. ఐపీలో ఒక్క అంకె మారితే చాలు. అందుకే ఎరేని ఐపీతో కాకుండా దాని ప్రపంచవ్యాప్త గుర్తింపు సంఖ్యతో పిలిచే ‘మైనస్ డబ్ల్యూ’ ఆప్షన్ నాకు ఇష్టం. అంత పొడవు సంఖ్యను ఎవరూ గుర్తుంచుకుని కొట్టరు, రివ్యూ చేసిన కాగితం నుంచే కాపీ చేస్తారు. పొరపాటు సంఖ్య ఉంటే ఎరే దొరకదు, పని జరగదు. అంతకంటే కావాల్సిందేముంది?

డిస్క్‌ల చిరునామాలూ ఇలాంటివే. ఎరేలో ట్రే నంబరు, స్లాట్ నంబరు ఉంటాయి కాబట్టి కొంత నయం. లినక్స్‌లో ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లు రీబూట్ అయ్యాక మారిపోవచ్చు. ఆ పేర్లతో రాసిన స్క్రిప్ట్ రేపు వేరే డిస్క్ మీద పని చేస్తుంది. డిస్క్ సీరియల్ నంబరుతో వచ్చే ‘బై-ఐడీ’ పేర్లు చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి, కానీ స్క్రిప్ట్‌లో అవే ఉండాలి. ఇక చేత్తో డ్రైవ్ లాగే సమయం వచ్చిందంటే నేను ‘లొకేట్’ కమాండు ఇవ్వకుండా ఎవరినీ ర్యాక్ దగ్గరకు పంపను. ఆ డ్రైవ్ లైటు మెరుస్తుంది. రెయిడ్ 5లో ఒక డ్రైవ్ పోయాక పక్క డ్రైవ్‌ను పొరపాటున లాగితే అక్కడితో ఆ గ్రూప్ ఆగిపోతుంది. ట్రేలో స్లాట్లు సున్నా నుంచి లెక్కా, ఒకటి నుంచి లెక్కా అని రాత్రి రెండు గంటలకు ఫోన్లో వాదించుకోవడం కంటే ఒక లైటు వెలిగించడం తేలిక.

ఇప్పుడు నా మిత్రులు ఎక్కువగా గొడవపడే మాట చెబుతాను. కొన్ని కమాండ్లు స్క్రిప్ట్‌లో ఉండకూడదు. వాల్యూమ్ తీసేయడం, కాన్ఫిగరేషన్ చెరపడం, పోయిన డ్రైవ్‌ను ‘రివైవ్’ చేయడం. ఈ రివైవ్ మరీ మోసకారి. ఫెయిల్ అయిన డ్రైవ్‌ను రీబిల్డ్ (డేటాను తిరిగి లెక్కకట్టి నింపడం) లేకుండానే ‘బాగుంది’ అని లెక్కలోకి తీసుకోమని ఎరేకి చెబుతుంది. ఆ డ్రైవ్ పోయినప్పటి నుంచి మిగతా డ్రైవ్‌ల మీద రాతలు జరిగి ఉంటే దాని మీద ఉన్నది పాత డేటా. పాతా కొత్తా కలిసిపోయి, పైకి ఆకుపచ్చ లైటు వెలుగుతూ, లోపల డేటా పాడవుతుంది. అన్నీ ఒకేసారి పవర్ పోయి పడిపోయినప్పుడు, ఏ డ్రైవ్ ముందు పోయిందో లాగ్‌లో చూసి, కంపెనీ సపోర్ట్ వాళ్లను లైన్లో పెట్టుకుని వాడాల్సిన ఆఖరి మందు అది. లినక్స్‌లో దీని అన్నదమ్ముడు ఎమ్‌డీఏడీఎమ్ ‘క్రియేట్’. ఎరే పైకి రావడం లేదని టెన్షన్‌లో ‘అసెంబుల్’ బదులు ‘క్రియేట్’ కొడితే డిస్క్‌ల మీదున్న పాత గుర్తులన్నీ కొత్తవాటితో చెరిగిపోతాయి. డ్రైవ్‌ల వరస మారితే డేటా చిందరవందరే.

చేత్తో కొడితేనే కదా తప్పులు ఎక్కువ జరిగేది అంటారు. సృష్టించే పనిలో అది నిజం. యాభై లైన్లు చేత్తో కొడితే ఒకటి తప్పు పోతుంది, దాన్ని దిద్దుకోవచ్చు. తీసేసే పనిలో మాత్రం నేను కోరుకునేది ఒక్కొక్కటిగా జరగడం. పేరు మొత్తం టైప్ చేసి, ఒకటి తీసి, సర్వర్ వైపు ఎవరూ అరవలేదని చూసుకుని, అప్పుడు రెండోది. లూప్‌లో పెడితే ఆ చూసుకునే తీరిక ఉండదు, మొదటి అరుపు వినిపించేసరికి ఇరవయ్యోది కూడా పోయి ఉంటుంది. తీసేసే ముందు మ్యాపింగ్ మాత్రమే తీసి కొన్నాళ్లు వదిలేస్తే ఇంకా మంచిది. అది ఒక్క లైనుతో వెనక్కి వస్తుంది.

ఇప్పటివాళ్లు ఇదంతా పాత చాదస్తం, ఆటోమేషన్‌కి ఆన్సిబుల్ అనే పనిముట్టు ఉందిగా అంటారు. ఉంది, బాగుంది. ‘సృష్టించు’ అనే కమాండు రెండోసారి నడిపితే ‘ఆ పేరు ఇప్పటికే ఉంది’ అని ఆగిపోతుంది. ఆన్సిబుల్‌లో ‘ఇలా ఉండాలి’ అని రాస్తాం కాబట్టి ఎన్నిసార్లు నడిపినా ఇబ్బంది లేదు, చదవడానికీ బాగుంటుంది. నా భయం ఒక్కటే. అక్కడ ‘ప్రెజెంట్’ అనే పదం బదులు ‘ఆబ్సెంట్’ అని ఉంటే వాల్యూమ్ పోతుంది. వంద లైన్ల ఫైల్‌లో ఆ ఒక్క పదం కంటికి ఆనదు. ‘డిలీట్’ అనే మాట పాతదే కావచ్చు, చదివేవాడి కంట్లో పొడుచుకుంటుంది. అలా పొడుచుకోవాలి కూడా.

గ్రాఫికల్ స్క్రీన్ అసలు వద్దనను. ట్రేల బొమ్మ, డ్రైవ్‌ల రంగులు, పనితీరు గ్రాఫ్‌లు చూడ్డానికి దానికి సాటి లేదు. చూడటానికి స్క్రీన్, మార్చడానికి స్క్రిప్ట్ అని పెట్టుకుంటే చాలా గొడవలు తీరతాయి. పాస్‌వర్డ్‌ను కమాండ్ లైన్లో రాయొద్దని కూడా ఒక మాట అనాలి. అది షెల్ చరిత్రలోనూ, నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితాలోనూ అందరికీ కనిపిస్తుంది.

సేవ్ చేసిన కాన్ఫిగరేషన్ ఫైల్‌ను బ్యాకప్ అనుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పలేను. అది డేటా బ్యాకప్ కాదు. అందులో ఉన్నది ఎరే ఆకారమే. ఆ స్క్రిప్ట్ నడిపితే అవే పేర్లతో, అవే సైజులతో ఖాళీ వాల్యూమ్‌లు వస్తాయి. పైగా సేవ్ చేసేటప్పుడు సాధారణ సెట్టింగులు, వాల్యూమ్‌లు, హోస్ట్‌ల వివరాలు, లన్ మ్యాపింగ్‌లు అని నాలుగు భాగాల్లో ఏవి కావాలో విడివిడిగా ఎంచుకోవచ్చు. మ్యాపింగ్‌లు లేకుండా సేవ్ చేసిన ఫైల్ ఉందని సంబరపడి, అవసరం పడిన రోజు ఏ లన్ ఏ సర్వర్‌దో పాత మెయిళ్లలో వెతుక్కోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. సేవ్ చేసిన రోజే తెరిచి చదవాలి.

ఈ పద్ధతిలో ఒక కన్నం ఉంది. స్క్రిప్ట్ రాయకుండా ఎవరో స్క్రీన్‌లోకి వెళ్లి ఏదో మార్చేస్తారు. దాన్ని పట్టుకోవడానికి నేను రోజూ ఎరే ప్రొఫైల్‌ను టెక్స్ట్‌గా తీయించి, ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పెట్టిస్తాను. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వచ్చి, దానికి తగ్గ స్క్రిప్ట్ గిట్‌లో లేకపోతే ఆ మార్పు ఎవరు చేశారో అడుగుతాం. తిట్టడానికి కాదు, చేసినదాన్ని స్క్రిప్ట్‌గా రాయించడానికి. ఇలాంటి పనులు, అంటే చదవడమే తప్ప మార్చనివి, మనిషి లేకుండా నడవొచ్చు. కాకపోతే కంట్రోలర్ గడియారం, బ్యాటరీ వయసు లాంటి రోజూ మారే లైన్లను ముందే వడకట్టాలి. లేదంటే ప్రతి ఉదయం తేడా ఉందనే మెయిల్ వస్తుంది, వారం తిరగకుండానే దాన్ని తెరిచేవాళ్లు ఉండరు.